తెర మీద తేడాలు: బ్రౌజర్ సందేహాలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిదీ ఇంచుమించు ఒకటే బాధ. పేజీ తెరుచుకుంటోంది కానీ ఉండాల్సిన తీరున లేదు. బటన్ కనబడదు, తెలుగు గజిబిజిగా వస్తుంది, వీడియో నల్లబడుతుంది. "షాపుల ఫార్మాట్ కొట్టాలన్నరు" అని కూడా చాలామంది రాశారు. కింద ఉన్నవాటిలో ఒక్కదానికీ ఫార్మాట్ అక్కర్లేదు. తప్పు సైటుదా, బ్రౌజర్‌దా, కంప్యూటర్‌దా, తెరదా అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా సెట్టింగ్‌లు కదిలిస్తే ఒకటి బాగుచేయబోయి ఇంకొకటి చెడగొట్టుకుంటాం.

ప్రశ్న: మాది నల్లగొండల ఇంటర్నెట్ సెంటర్. ఒక దరఖాస్తు సైటుల ఫారం అంతా నింపినంక పాపప్ వస్తది. కొత్త లాప్‌టాప్‌ల దాని కింది భాగం తెగిపోతున్నది, సబ్మిట్ బటన్ కనబడ్తలేదు, స్క్రోల్ గూడ అయితలేదు. పక్కనున్న పాత డెస్క్‌టాప్‌ల మాత్రం మంచిగనే వస్తున్నది. కొత్తదాంట్లనే ఎందుకిట్ల?

జవాబు: కొత్త లాప్‌టాప్ తెర 1920 × 1080 పిక్సెళ్ళు (చుక్కలు) అని డబ్బా మీద రాసి ఉంటుంది. కానీ అంత చిన్న తెర మీద అక్షరాలు చీమల్లా కనబడతాయని విండోస్ స్కేల్‌ను (అన్నిటినీ పెద్దవి చేసి చూపే కొలత) 150 శాతం పెడుతుంది. అప్పుడు బ్రౌజర్ లెక్కలో మీ తెర 1280 × 720 మాత్రమే. ఆ 720లో కింద టాస్క్‌బార్, పైన ట్యాబ్‌లు, అడ్రస్ బార్, బుక్‌మార్క్‌ల వరుస పోగా పేజీకి మిగిలేది సుమారు 550. పాపప్ 600 ఎత్తుతో తయారుచేసి ఉంటే కింద 50 తెగిపోతుంది, బటన్ ఉండేది అక్కడే. మీ పాత డెస్క్‌టాప్‌కు చదరపు మానిటర్ ఉండి ఉంటుంది. అది 1280 × 1024, స్కేల్ 100 శాతం. ఎత్తు ఎక్కువ కాబట్టి అందులో ఏదీ తెగదు.

కంట్రోల్ పట్టుకొని మైనస్ కొట్టండి. క్రోమ్‌లో జూమ్ 90, 80, 75, 67 అంటూ మెట్లుగా దిగుతుంది. 75 దగ్గర మీ 550 కాస్తా 733 అవుతుంది, చాలా పాపప్‌లకు అది సరిపోతుంది. చాలకపోతే ఎఫ్11 నొక్కి ఫుల్ స్క్రీన్ చేయండి (లాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాల్సి రావచ్చు). ఏ సైటుకు ఎంత జూమ్ పెట్టారో క్రోమ్ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఒకసారి చేస్తే చాలు. కంట్రోల్ + సున్నా కొడితే మళ్ళీ 100కు వస్తుంది.

ట్యాబ్ కీతో కనబడని బటన్ దాకా పోయి ఎంటర్ కొట్టే అలవాటు కొందరికి ఉంది. పని అవుతుంది కానీ, పక్కన క్యాన్సిల్ బటన్ ఉంటే నింపిందంతా పోతుంది. జూమ్ తగ్గించడమే మేలు. ఈ ఒక్క సైటు కోసం విండోస్ స్కేల్‌ను 100కు మార్చకండి, మిగతా అన్నిచోట్లా అక్షరాలు చదవలేనంత చిన్నవవుతాయి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. కొన్ని పేజీల్లో తెలుగు బదులు డబ్బాలు, కొన్నింటిలో పిచ్చి గుర్తులు, ఇంకొన్నింటిలో ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. మేం కంపోజ్ చేసిన మ్యాటర్‌ను ఫేస్‌బుక్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. వీటన్నిటికీ కలిపి ఒక ఫాంటు ఏదైనా ఉందా?

జవాబు: ఇవి నాలుగు వేర్వేరు జబ్బులు. ఫాంటుతో నయమయ్యేది ఒక్కటే.

డబ్బాలు వస్తున్నాయంటే అక్షరం సరిగ్గానే చేరింది, దాన్ని గీయడానికి మీ దగ్గర బొమ్మ లేదు. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంటు సిస్టమ్‌తోపాటే వస్తుంది, అందులో తెలుగు ఉంది. విండోస్ 7లో గౌతమి, వాణి ఉంటాయి. విండోస్ 10లో ఆ రెండూ కావాలంటే సెట్టింగ్స్‌లో యాప్స్, ఆప్షనల్ ఫీచర్స్‌కు పోయి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకోవాలి. లినక్స్‌కు నోటో సాన్స్ తెలుగు వేస్తే చాలు. పేజీ అంతా బాగుండి అక్కడక్కడ మాత్రమే డబ్బా పడితే మీ ఫాంటు పాతదై ఉండవచ్చు. ఉదాహరణకు నకారపొల్లు (పొల్లు 'న'కు ఉన్న ప్రత్యేక గుర్తు) యూనికోడ్‌లోకి (అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో నంబరు ఇచ్చే ఉమ్మడి పట్టిక) 2021లో, 14వ వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు తయారైన ఫాంటులో దానికి చోటే లేదు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లును వత్తుగా మారకుండా ఆపే కనబడని గుర్తు ఒకటి ఉంటుంది, కొన్ని పాత ఫాంట్లు దాన్ని కూడా డబ్బాగా చూపిస్తాయి.

పిచ్చి గుర్తుల సంగతి వేరు. వాటిని జాగ్రత్తగా చూడండి. నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు చిన్న 'ఎ', దాని వెంటనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో మళ్ళీ మళ్ళీ వస్తున్నాయా? అయితే తెలుగు చెక్కుచెదరకుండా ఉంది. యూనికోడ్ అక్షరాలను ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. బ్రౌజర్ ఈ బైట్లను పాత ఇంగ్లీషు పట్టికతో చదివితే మీరు చూస్తున్న గుర్తులు పడతాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఆల్ట్ నొక్కితే పైన మెనూ వస్తుంది. అందులో వ్యూ, రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ కొట్టండి. క్రోమ్‌లో ఆ మెనూ తీసేశారు కాబట్టి ఇలాంటి పేజీల కోసమైనా ఫైర్‌ఫాక్స్ వేసి ఉంచుకోండి. డౌన్‌లోడ్ చేసిన సీఎస్వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే కూడా ఇదే జరుగుతుంది. డబుల్ క్లిక్ చేయకుండా డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్వీ తీసుకొని, ఫైల్ ఆరిజిన్‌లో 65001 యూనికోడ్ ఎంచుకోండి.

ప్రశ్నార్థకాలకు మాత్రం మందు లేదు. ఎవరో ఆ ఫైలును ఏఎన్‌ఎస్‌ఐగా (పైన చెప్పిన పాత ఇంగ్లీషు పట్టికతో) సేవ్ చేశారు. ఆ పట్టికలో తెలుగు లేదు కాబట్టి ప్రతి అక్షరం స్థానంలో అసలైన ప్రశ్నార్థకమే చేరిపోయింది. మూల ప్రతి ఉన్నవాళ్ళ దగ్గర మళ్ళీ తెచ్చుకోవడమే.

ఇక నాలుగోది. డీటీపీకి వాడే అను ఫాంట్లలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చుని ఉంటాయి. పేజ్‌మేకర్‌లో ఫాంటు ముసుగు ఉన్నంతసేపూ తెలుగు, ముసుగు తీస్తే ఇంగ్లీషు. పేస్ట్ చేయడానికి ముందే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయండి, తర్వాత వత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు కళ్ళతో సరిచూడండి. కన్వర్టర్లు తడబడేది ఎక్కువగా అక్కడే. మీలాంటి సెంటర్లలో దీనికి తిరగబడ్డ తమాషా ఒకటి జరుగుతుంది: ఎవరో క్రోమ్ సెట్టింగ్స్‌లో అపియరెన్స్, కస్టమైజ్ ఫాంట్స్ దగ్గర స్టాండర్డ్ ఫాంటుగా అను పెడతారు. అప్పటినుంచి తమ ఫాంటు ఏదో చెప్పని ఇంగ్లీషు పేజీలు తెలుగు ముక్కల్లా కనబడతాయి. అక్కడ మళ్ళీ టైమ్స్ న్యూ రోమన్ పెట్టండి.

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు అకౌంట్స్ చూస్తాను. రెండు మూడు సైట్లు తెరిస్తే రంగులు, డబ్బాలు ఏమీ లేకుండా తెల్ల కాగితం మీద నీలం లింకులు వరుసగా రాసినట్టు వస్తున్నాయి. ముందు "సురక్షితం కాదు" అని ఏదో వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి లోపలికి పోతున్నా. పొద్దున కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు టైమ్ కూడా తప్పు చూపిస్తుంది, అది మామూలే. హిస్టరీ అంతా తుడిచేసినా ఫలితం లేదు.

జవాబు: "అది మామూలే" అని వదిలేశారే, మీ సమస్య అంతా దాంట్లోనే ఉంది.

సైటుకు ఉండే భద్రతా సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని రాసి ఉంటుంది. మీ కంప్యూటర్ గడియారం కొన్నేళ్ళు వెనక్కి పోతే సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదని బ్రౌజర్ అనుకుంటుంది, హెచ్చరిక చూపిస్తుంది. మీరు అడ్వాన్స్‌డ్ నొక్కి దాటుతున్నారు. కానీ పేజీకి రంగు, రూపు ఇచ్చే ఫైళ్ళు చాలాసార్లు వేరే సర్వర్ నుంచి వస్తాయి. వాటి సర్టిఫికెట్ కూడా ఇలాగే తప్పు అనిపించినప్పుడు బ్రౌజర్ మిమ్మల్ని అడగదు, చప్పుడు లేకుండా ఆపేస్తుంది. అందుకే మాటలు వచ్చి అలంకారం రావడం లేదు. హిస్టరీ తుడిస్తే దీనికేం ఫలితం ఉంటుంది?

మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయింది. దాని నంబరు సీఆర్2032, 3 వోల్టులది. గడియారాలు బాగుచేసే షాపులో కూడా దొరుకుతుంది. తీసేముందు బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే కంప్యూటర్ సొంత సెట్టింగ్‌లు) పేజీలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా శాటా మోడ్ (హార్డ్ డిస్క్‌తో మాట్లాడే తీరు) ఏముందో చూడండి, బ్యాటరీ తీస్తే అది మారిపోయి విండోస్ లేవకపోవచ్చు. షట్‌డౌన్ చేసి, కరెంటు వైరు గోడ నుంచి తీసి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి. పక్కనున్న చిన్న క్లిప్పు వెనక్కి నొక్కితే పాతది పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. ఆన్ చేసి బయోస్‌లో తేదీ, విండోస్‌లో టైమ్ జోన్ (5:30 కలిపేది) సరిచేసి సింక్ నౌ కొట్టండి. అప్పటిదాకా బ్యాంకు సైట్లలోకి మాత్రం ఆ హెచ్చరిక దాటి వెళ్ళకండి. నిజంగా మోసం జరుగుతున్నప్పుడు వచ్చేదీ ఆ హెచ్చరికే.

టైమ్ సరిగ్గా ఉండి కూడా పేజీ ఇలా వచ్చేవాళ్ళు ఈ వరుసలో చూడండి. కంట్రోల్ + ఎఫ్5 కొడితే బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్ళు వదిలి కొత్తవి తెచ్చుకుంటుంది. అదీ కాకపోతే కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్‌తో ఇన్‌కాగ్నిటోలో (దాచుకున్న డేటా వాడని ప్రైవేట్ కిటికీ) తెరవండి. అక్కడ బాగుంటే బ్రౌజర్‌కు తగిలించిన ఏదో ఎక్స్‌టెన్షన్ (ఎక్కువసార్లు యాడ్ బ్లాకర్) అడ్డుపడుతోంది, లేదా ఆ సైటు దాచిన డేటా చెడింది. ఒక్కో ఎక్స్‌టెన్షన్ ఆపుతూ చూడండి. ఇన్‌కాగ్నిటోలో కూడా అంతే ఉంటే ఫోన్ హాట్‌స్పాట్‌తో కలిపి చూడండి. అప్పుడు వస్తే తప్పు మీ నెట్ కనెక్షన్‌ది. తుడవక తప్పకపోతే కంట్రోల్ + షిఫ్ట్ + డిలీట్‌లో క్యాష్‌డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్ ఒక్కదానికే టిక్ ఉంచండి. పాస్‌వర్డ్‌ల గడికి టిక్ పడితే దాచుకున్నవన్నీ పోతాయి.

సూర్యాపేట నుంచి ఇదే రాసిన పాఠకుడిది విండోస్ 7. దానికి క్రోమ్ 109తో ఆగిపోయింది, 2023 మొదట్లో. పేజీల అలంకరణ రాసే పద్ధతిలో ఆ తర్వాత కొత్త నియమాలు వచ్చాయి. ఒక నియమంలో ఇంకో నియమం ఇమిడ్చి రాసేది క్రోమ్ 112లో వచ్చింది. వాటితో కట్టిన సైట్లు 109లో సగం విరిగినట్టు వస్తాయి, ఏం తుడిచినా అంతే. విండోస్ 7లో నడిచే ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్‌కు కూడా ఆ ఇమిడ్చి రాసే నియమం తెలియదు. ఆ కంప్యూటర్ టాలీకి ఉంచుకొని ఆన్‌లైన్ పనికి వేరేది చూసుకోవడం మంచిది.

ప్రశ్న: వనపర్తిలో డిగ్రీ చదువుతున్నా. ఫోన్‌లో ఫారం నింపుతుంటే టైప్ చేసిన అక్షరాలు కనిపించవు, కానీ సబ్మిట్ అయ్యాక వివరాలు వస్తున్నాయి.

జవాబు: నలుపు మీద నలుపు పడుతోంది. తెల్ల పేజీని బలవంతంగా డార్క్ చేసినప్పుడు కొన్ని సైట్లలో గడి రంగు మారుతుంది, అక్షరం రంగు మారదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో థీమ్‌ను లైట్‌కు మార్చండి. సైట్లకు కూడా డార్క్ వర్తింపజేసే గడి అక్కడ ఉంటే టిక్ తీయండి. డెవలపర్ ఆప్షన్స్ ఎప్పుడైనా తెరిచి ఉంటే ఓవర్‌రైడ్ ఫోర్స్ డార్క్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి.

ప్రశ్న: గద్వాల చీరల వ్యాపారం మాది. షాపు కంప్యూటర్ల చీరల ఫొటోలు పసుపు కొడ్తున్నయ్, తెల్ల పేజీ గూడ లేత పసుపే. ఫోన్ల అవే ఫొటోలు చూస్తే రంగులు మరీ ముదురుగ మెరుస్తయ్. చీర పోయినంక కొన్నోళ్ళు రంగు వేరే అంటున్నరు. ఏ తెరను నమ్మాలె?

జవాబు: ప్రస్తుతానికి రెండింటినీ నమ్మకండి. తెల్ల పేజీ కూడా లేత పసుపుగా ఉందంటే ఫొటో తప్పు కాదు, బ్రౌజర్ తప్పు కాదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లేకు పోయి నైట్ లైట్ ఆఫ్ చేయండి. అది ముందే ఆఫ్‌లో ఉంటే మానిటర్ బటన్లతో దాని మెనూ తెరిచి కలర్ 'వార్మ్'లోనో రీడింగ్ మోడ్‌లోనో ఉందేమో చూడండి.

లేతగా కాకుండా గట్టి పసుపు ఉంటే, నీలం చీర నల్లగా కనబడితే, అప్పుడు మానిటర్‌ను కంప్యూటర్‌కు కలిపే వీజీఏ కేబుల్‌ను అనుమానించాలి. అందులో 15 పిన్నులు. 1, 2, 3 వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మోస్తాయి. నీలం తెగితే తెలుపు పసుపవుతుంది, ఆకుపచ్చ తెగితే గులాబీ-ఊదా, ఎరుపు తెగితే నీలి-ఆకుపచ్చ. రెండువైపులా మరలు బిగించి, పిన్ను వంగిందేమో చూసి, అప్పటికీ కాకపోతే కేబుల్ మార్చండి.

ఫోన్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్క్రీన్ మోడ్ 'వివిడ్'లో ఉంటే 'నాచురల్' పెట్టండి. ఫొటోలు ఎంచుకునేది, ఎడిట్ చేసేది ఆ మోడ్‌లోనే చేయండి. గద్వాల చీరలో నూలు నేత ఒక తీరుగా, పట్టు అంచు ఒక తీరుగా వెలుగును తిప్పికొడతాయి కాబట్టి ట్యూబ్‌లైటు కింద తీసినది ఏ తెర మీదా కుదరదు. పగటిపూట నీడలో, పక్కన తెల్ల కాగితం పెట్టి తీసి, కాగితం తెల్లగా కనబడేదాకా వైట్ బ్యాలెన్స్ సరిచేయండి. కొనేవాళ్ళ ఫోన్ మీ చేతిలో లేదు. అందుకని రంగు పేరు మాటల్లో కూడా రాయండి.

ప్రశ్న: దేవరకొండ దగ్గర హైస్కూల్ టీచర్‌ను. యూట్యూబ్‌లో టీ-శాట్ పాఠాలు పెడితే గొంతు వస్తుంది, బొమ్మ మాత్రం నల్లగా లేదా ఆకుపచ్చగా ఉంటోంది. పేజీ జరిపితే అడ్డగీతలు. విండోస్ అప్‌డేట్ అయిన నాటినుంచే ఇలా. తెర పోయిందంటారా?

జవాబు: ముందు తెర సంగతి తేల్చుకుందాం. గీతలు కనబడుతున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి మీ ఫోన్‌కు పంపుకోండి. ఫోన్‌లో కూడా ఆ గీతలుంటే తెర మంచిదే, గ్రాఫిక్స్ పనిలో తప్పుంది. ఫోన్‌లో గీతలు లేకపోతే తెరనో కేబుల్‌నో చూపించాలి. కొన్ని చెల్లింపు వీడియోలు మాత్రం కాపీ రక్షణ వల్ల స్క్రీన్‌షాట్‌లో ఎప్పుడూ నల్లగానే పడతాయి, వాటితో ఈ పరీక్ష చేయకండి.

మీరు చెప్పిన లక్షణాలకు గ్రాఫిక్స్ డ్రైవరే (బొమ్మ గీసే చిప్‌ను నడిపే ప్రోగ్రాం) అనిపిస్తోంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద 'యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్' ఆఫ్ చేసి రీలాంచ్ కొట్టండి. బొమ్మ వచ్చేస్తే అనుమానం నిజమైనట్టే. రేపటి క్లాసుకు ఇలాగే నడిపించవచ్చు, అయితే అలానే వదిలేయకండి. వీడియో భారమంతా ప్రాసెసర్ మీద పడి లాప్‌టాప్ వేడెక్కుతుంది, పాఠం ఆగి ఆగి నడుస్తుంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్, డిస్‌ప్లే అడాప్టర్స్, మీ గ్రాఫిక్స్ పేరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ బూడిద రంగులో ఉంటే కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ సైటులో మీ మోడల్ నంబరుకు ఉన్న డ్రైవర్ దించుకొని వేయండి. తర్వాత యాక్సిలరేషన్ మళ్ళీ ఆన్ చేయండి.

డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉందంటే అసలు డ్రైవరే వేయలేదన్నమాట. షాపులో ఫార్మాట్ చేయించుకొచ్చాక వీడియో నత్తనడక నడిచేది ఎక్కువగా ఇందువల్లే. వాళ్ళనే అడిగి వేయించుకోండి.

ప్రశ్న: కల్వకుర్తి నుంచి. ఇంగ్లీషు ఫారాన్ని తెలుగులో చూద్దామని ట్రాన్స్‌లేట్ పెట్టాను. సగం నింపాక పేజీ మొత్తం తెల్లగా అయిపోతోంది.

జవాబు: ట్రాన్స్‌లేట్ చేసినప్పుడు క్రోమ్ పేజీ లోపలి ముక్కలను తీసి తనవి పెడుతుంది. ఇప్పటి ఫారాలు మీరు ఒక్కో గడి నింపినకొద్దీ లోపలి ముక్కలు మార్చుకుంటూ ఉంటాయి. తాను పెట్టిన ముక్క దొరకనప్పుడు పేజీ ప్రోగ్రాం అక్కడే కుప్పకూలుతుంది. అడ్రస్ బార్‌లోని ట్రాన్స్‌లేట్ గుర్తు నొక్కి ఈ సైటును ఎప్పుడూ ట్రాన్స్‌లేట్ చేయొద్దని పెట్టండి. అర్థం కావాలంటే ఇంకో ట్యాబ్‌లో తెలుగు చేసి చూస్తూ, ఇంగ్లీషు ట్యాబ్‌లో నింపండి.

ప్రశ్న: అచ్చంపేటలో జిరాక్స్ సెంటర్. హాల్‌టికెట్ ప్రింట్ కొడితే కుడివైపు తెగుతోంది, ఫొటో వెనక రంగు పట్టీలు కూడా రావడం లేదు.

జవాబు: ప్రింట్ కిటికీలో మోర్ సెట్టింగ్స్ తెరవండి. పేపర్ సైజ్ లెటర్ అని ఉంటే ఏ4 చేయండి. ఏ4 వెడల్పు 210 మిల్లీమీటర్లు, లెటర్ 216. తెగే ఆ కాస్త అక్కడిదే కావచ్చు. స్కేల్ కస్టమ్‌లో 90 పెట్టి ప్రివ్యూ చూడండి, ఇంకా తెగితే 85. రంగు పట్టీలకు అదే చోట బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్‌కు టిక్ పెట్టాలి. హాల్‌టికెట్ మీద బార్‌కోడ్ ఉంటే 80 కన్నా దించకండి, గీతలు దగ్గరపడి స్కానర్ చదవకపోవచ్చు. దానికన్నా పేజీని లాండ్‌స్కేప్‌లోకి మార్చి కొట్టడం నయం.